దుప్పటి రెండో కొస

మోజెల్ చచ్చిపోయిన నలభై నిమిషాలకు బెల్టు మళ్ళీ తిరిగింది.

ఈ మాట ఏ సభలో చెప్పినా వెనక వరసలో ఎవరో ఒకరు లేచి, "నలభై గంటలా అమ్మా?" అని అడుగుతారు. కాదు నాయనా, నిమిషాలే. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. పదీ పదికి ఆగింది, పదీ యాభైకి తిరిగింది. ఈలోగా అంబులెన్సు వచ్చి వెళ్ళింది. ఒకడు గొట్టం పెట్టి నేల కడిగాడు. సూపర్‌వైజర్ ప్రూయిట్ ఆ చోటు కనబడకుండా ప్లాస్టిక్ తెర కట్టించాడు.

"ఆసుపత్రుల్లో రోగులు దుప్పట్లు లేకుండా పడుకుని ఉన్నారు. వాళ్ళ గురించి ఆలోచించండి. గుండె రాయి చేసుకోండి," అన్నాడు.

చేసుకున్నాం. ఆ పనిలో మా నల్లజాతికి నాలుగు వందల ఏళ్ళ అనుభవం ఉంది.

అమెరికాలో మెంఫిస్‌కు దక్షిణాన, రైలు పట్టాల పక్కన ఉంటుంది మా లాండ్రీ. ఊళ్ళోని పెద్ద ఆసుపత్రుల మురికి దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. రక్తం, చీము, పసిపిల్లల ఉచ్చ, చావబోయే మనిషి చెమట, అన్నీ మా చేతుల మీదుగానే పోవాలి. పనిచేసేవాళ్ళలో నల్లవాళ్ళు కానివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అదీ అద్దాల గదిలో కూర్చునేవాళ్ళను కలుపుకుని. బెల్టు పొడుగునా తల ఎత్తులో ఎర్ర తాడు ఒకటి వేలాడుతుంది. లాగితే అంతా ఆగిపోతుంది. "ప్రమాదమైతే లాగండి" అని గోడ మీద రాసి ఉంటుంది. లాగితే ప్రూయిట్ వచ్చి పేరు రాసుకుంటాడనీ, మూడుసార్లు పేరు పడితే ఇంటికి పొమ్మంటాడనీ మాత్రం రాసి ఉండదు. అందుకే దుప్పట్లు బెల్టులో చిక్కుకుంటే తాడు జోలికి పోకుండా చేత్తో పీకెయ్యడం అందరికీ అలవాటైపోయింది.

ఆ రోజు పీకడానికి వెళ్ళింది మోజెల్. ఇస్త్రీ రోలర్ల దగ్గర ఆమె కెడ్రాతో కలిసి పనిచేసేది. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల కాదు. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి రోలర్లకు అందించాలి. మోజెల్‌కు యాభై తొమ్మిది, కెడ్రాకు ఇరవై ఆరు. ఆరేళ్ళుగా ఆ రెండు కొసలూ వాళ్ళవే. కెడ్రాకు తల్లి లేదు. పని నేర్పినా, చెడామడా తిట్టినా, నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళినా మోజెలే.

"నీ కొస వదలకు పిల్లా, ఇప్పుడే వస్తా," అంది మోజెల్. తన కొస బల్ల మీద పెట్టి వెళ్ళింది. చొక్కా చెయ్యి బెల్టుకు చిక్కుకుంది.

కెడ్రా అరిచింది. తాడు లాగింది లూషియస్. అతను బయట లారీలకు మూటలెక్కించే మనిషి. అంత దూరం నుంచి అతను పరిగెత్తుకొచ్చేదాకా ఆ తాడు అలాగే వేలాడుతూ ఉంది. అంతా అయిపోయాక చూస్తే, కెడ్రా ఇంకా తన కొస పట్టుకునే ఉంది. ఆ వేళ్ళు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

మర్నాడు మా అందరికీ తలా ఒక కార్డు ఇచ్చారు. మనసు బాగాలేనివాళ్ళు ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి, మీరు చెప్పింది ఎవరికీ తెలియదు అని దాని మీద ఉంది. కెడ్రా ఫోన్ చేసింది. అవతల ఎవరో, "ఊపిరి పీల్చండి, వదలండి" అని పన్నెండు నిమిషాలు చెప్పి పెట్టేశారు. వారం తిరక్కముందే ప్రూయిట్ ఆమె పక్కకొచ్చి, "నిద్ర పట్టడం లేదటగా?" అన్నాడు. ఆ తర్వాత ఇంకెవరూ ఆ కార్డు వంక చూడలేదు.

ఇక నా తప్పు చెప్తాను.

నా పేరు వెర్నెల్. వయసు అరవై ఒకటి. ఆదివారాలు నేను చర్చి నర్సుని. సూదులూ మందులూ తెలిసిన నర్సుని కాదు. తెల్ల గౌను, తెల్ల చేతితొడుగులు, చేతిలో అట్ట విసనకర్ర. ప్రార్థనలో ఎవరికైనా పరిశుద్ధాత్మ దిగి ఊగిపోతే, కిందపడి తల పగలకుండా చూసుకోవడం మా పని. నలుగురైదుగురం మోచేతులు మెలేసుకుని ఆ మనిషి చుట్టూ వలయం కడతాం. మా వీపులు లోపలికి, మొహాలు బయటికి. పడిన మనిషిని ఊరంతా గుడ్లప్పగించి చూడకూడదు, అందుకు. ఒక్కరు మాత్రం లోపల ఉండి, మోకాళ్ళ మీద గుడ్డ కప్పి విసురుతారు. గట్టిగా పట్టుకోం, ఆపం, తొందరపెట్టం. ఎంతసేపైతే అంతసేపు. మా అమ్మ నాకు నేర్పిన విద్య ఇది. ఇందులో నన్ను మించినవాళ్ళు లేరని నాకు పొగరు కూడా ఉండేది.

మోజెల్‌ను మట్టిచేసిన తర్వాతి ఆదివారం, ఆర్గన్ గట్టిగా మోగుతుండగా కెడ్రా వణకడం మొదలుపెట్టింది. కాళ్ళు నేలకు కొట్టుకుంటున్నాయి. ఎడమ చెయ్యి గాల్లోకి లేచింది, రెండు వేళ్ళు దగ్గరగా నొక్కుకుని. చర్చి చర్చంతా లేచి నిలబడింది.

"స్తోత్రం! దిగనీ తండ్రీ!"

"చూడండ్రా, అంత దుఃఖంలో ఆయన్ని అందుకుంటోంది!"

మేం వలయం కట్టాం. లోపల నేను. విసురుతూ ఆమె చెవిలో, "రానీ పిల్లా, అడ్డుపడకు, రానీ," అన్నాను. నా కళ్ళలో నీళ్ళు. ఏడు ఆదివారాలు అలాగే చేశాను. పాస్టరు గారు ఆమెను వేదిక మీద నుంచి మెచ్చుకున్నారు. రెండు వందల మంది ఆమె కోసం చప్పట్లు కొట్టారు. ఆ రెండు వందల మంది మధ్య ఆ పిల్ల ఎంత ఒంటరిగా ఉందో మాకెవరికీ తెలియలేదు. అందరికంటే దగ్గరగా ఉన్నదాన్ని నేనే, నాకే తెలియలేదు.

ఎనిమిదో వారం మంగళవారం తెలిసింది. మోజెల్ చోటికి ఏజెన్సీ వాళ్ళు రోజుకొకరిని పంపేవాళ్ళు. ఆ రోజు వచ్చిన అమ్మాయికి ఏమీ తెలియదు పాపం. పాయిఖానాకు వెళ్ళాల్సి వచ్చి, "నీ కొస పట్టుకునుండు, ఇప్పుడే వస్తా," అని వెళ్ళింది. నేను మడతల బల్ల దగ్గర ఉన్నాను. కెడ్రా కాళ్ళు కొట్టుకోవడం చూశాను. ఎడమ చెయ్యి లేచింది. రెండు వేళ్ళు నొక్కుకుని ఉన్నాయి. వాటి మధ్య దుప్పటి కొస ఉంది.

అదే చెయ్యి. అవే వేళ్ళు. చర్చిలో కనిపించనిదల్లా దుప్పటి ఒక్కటే.

ఓరి దేవుడా! ఏడు వారాలుగా ఆ పిల్ల నీకోసం చెయ్యి చాపడం లేదు. మోజెల్ వచ్చి రెండో కొస అందుకుంటుందని నిలబడి ఉంది. నేనేమో పక్కన నిలబడి విసురుతూ, రానీ, రానీ అన్నాను.

నేను కదిలేలోపు ప్రూయిట్ ఫోన్ చేసేశాడు. పోలీసులు వచ్చారు. చెయ్యి దించమన్నారు. ఆమెకు వినపడితే కదా దించడానికి! ఉతికి పెట్టిన తెల్ల దుప్పట్ల గుట్ట మీద ఆమె మొహం అదిమిపెట్టి సంకెళ్ళు వేశారు. మేం ఎనభై మందిమి ఉన్నాం. చూస్తూ నిలబడ్డాం. బెల్టు తిరుగుతూనే ఉంది, చేతులు వాటంతట అవే మడతలు పెడుతూనే ఉన్నాయి.

మూడు రోజులు పిచ్చాసుపత్రిలో తలుపేసి ఉంచి పంపారు. ఆమె తిరిగొచ్చేసరికి కంపెనీ కాగితం సిద్ధంగా ఉంది. ఆమె కోసం మరొక్కసారి పోలీసులు రావాల్సి వస్తే ఉద్యోగం పోతుంది. అంతటితో అయిపోదు. నాలుగేళ్ళ కూతురు నెవియా ఉంది. తల్లి మతి సరిగా లేదని రెండోసారి కాగితం మీద పడితే పిల్లను తీసుకుపోయి మేం చూసుకుంటామని కౌంటీ ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ముందే చెప్పి వెళ్ళింది.

ఆ సాయంత్రం కెడ్రా ఇంటికి వెళ్ళాను. నెవియా నేల మీద కూర్చుని బొమ్మకు దుప్పటి కప్పుతోంది. కెడ్రా తలెత్తలేదు.

"మిస్ వెర్నెల్, అది ఆత్మ కాదు."

"తెలుసమ్మా. ఇప్పుడు తెలుసు. ముందే ఎందుకు చెప్పలేదే?"

"ఎలా చెప్పను? మీరందరూ అంత సంతోషపడుతుంటే." బొమ్మ మీద దుప్పటి సర్దుతూ అంది, "నా కోసం జనం లేచి నిలబడటం నా జన్మలో అదే మొదటిసారి. కాదంటే మళ్ళీ కూర్చుంటారేమోనని భయమేసింది."

ఇంటికొచ్చి టీవీ పెట్టుకుని కూర్చున్నాను. నేనూ ఒక్కదాన్నే. మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. ఎవరో ఒకరి గొంతు వినబడాలని టీవీ పెడతాను, ఏం చెప్తున్నారో వినను. ఆ రోజు మా నాన్న గుర్తొచ్చాడు.

మా నాన్న ఈ ఊళ్ళోనే చెత్తబండి మనిషి. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, వానకు తడవకుండా చెత్తబండిలో నక్కిన ఇద్దరిని ఆ బండి యంత్రం నలిపేసింది. ఆ తర్వాత జరిగింది మీరు పుస్తకాల్లో చదువుకున్నారు. వాళ్ళు పని మానేశారు, వీధుల్లో నడిచారు, గెలిచారు. నాన్న కూడా నడిచాడు. పుస్తకాల్లో లేనిది నేను చెప్తాను. గెలిచి ఇంటికొచ్చిన మనిషి ఇరవై ఏళ్ళు గోడవైపు తిరిగి అన్నం తిన్నాడు. బయట ఏ బండి యంత్రం మోగినా కంచం మీద చెయ్యి ఆగిపోయేది. "మీ నాన్నకు మాటలు తక్కువ," అనేది అమ్మ. ఆదివారం ఆదివారం ఊరందరి చుట్టూ వలయం కట్టిన మనిషికి, ఇంట్లో ఆయన చుట్టూ కట్టాలని తోచలేదు. మేమూ అనుకోలేదు. పోట్లాడటం నేర్చుకున్నాం కానీ, పోట్లాడి వచ్చిన మనిషిని పట్టుకోవడం నేర్చుకోలేదు.

శనివారం చర్చి వంటింట్లో కలిశాం. వేయించిన చేప, స్పగెట్టీ పెట్టాం, తిండి లేకపోతే మావాళ్ళు మీటింగు అంటే రారు. ముప్పై మందికి పైగా వచ్చారు. మొదట మాట్లాడింది సిస్టర్ ఆర్డెలియా. చర్చి నర్సులకు పెద్ద, లాండ్రీలో మురికి గుడ్డలు వేరుచేసే చోట పనిచేస్తుంది.

"మా అమ్మమ్మ మిసిసిపీలో పత్తి ఏరింది. ఆమె కళ్ళముందే తమ్ముణ్ణి చంపేశారు. మర్నాడు మళ్ళీ పత్తి ఏరింది. అప్పుడు మనసు, డాక్టరు అని ఎవరన్నారు? ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు. ప్రార్థన చెయ్యండి, అదే పోతుంది."

"పోయిందా మీ అమ్మమ్మకి?" అన్నాడు లూషియస్, నోట్లో చేప ముక్కతోనే.

"ఏం పోయిందా?"

"అదే. ప్రార్థన చేస్తే పోయిందా అని."

ఆర్డెలియా పళ్ళెం పక్కకు జరిపింది. "ఇంట్లో కత్తులన్నీ దాచేవాళ్ళం," అంది చివరికి, చాలా చిన్నగా.

లూషియస్ లేచాడు. "ఊరందరి జబ్బులూ మూటలు కట్టి మన దగ్గరికి పంపుతున్నారు. ఉతికి తెల్లగా చేసి పంపుతున్నాం. మరి మనది ఎవరు ఉతకాలి? ప్రూయిట్ ఇచ్చిన కార్డా? అసలు కెడ్రాకు జబ్బు చేయించింది ఎవరు? ఆ బెల్టు. బెల్టు ఆపనివ్వనివాడే వచ్చి ఈ పిల్లకు పిచ్చి అంటున్నాడు!"

"చెప్పడం తేలికే. నువ్వు తాడు లాగావు కాబట్టి మగాడివి. మాకు పిల్లలున్నారు," అని వెనక నుంచి ఒకామె అరిచింది. "నాకు లేరనుకున్నావా?" అని లూషియస్ తిరిగి అరిచాడు. నలుగురు ఒకేసారి అందుకున్నారు. ఉద్యోగం పోతే అద్దె ఎవడు కడతాడని ఒకరు, కెడ్రానే వేరే పని చూసుకోమందామని ఒకరు. ఆ మాట అన్నప్పుడు కెడ్రా తలుపు దగ్గరే కూర్చుని ఉంది. ఆమె తన చేతులు తొడల కింద పెట్టుకుంది, కనపడకుండా.

అప్పుడు నేను లేచాను.

"ఆ తాడు నాకు రెండడుగుల దూరంలో ఉంది," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు.

"మోజెల్ చిక్కుకున్నప్పుడు. లూషియస్ ఎక్కడో లారీల దగ్గర్నుంచి రావాల్సి వచ్చింది. నేను చెయ్యి చాపితే అందేది. అప్పటికే నా పేరు రెండుసార్లు పడి ఉంది. నేను పేరు గురించి ఆలోచించాను. ఎంతసేపు ఆలోచించానో తెలీదు. ఆలోచించాను, అంతే. అందుకే ఆ పిల్ల ఊగుతుంటే ఆత్మ అనుకోవడం నాకు హాయిగా ఉంది. ఆత్మ అయితే దేవుడి పని, కాకపోతే నా పని."

ఎవరైనా తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నుంచి ఎవరో అన్నారు, "నా తల మీద కూడా వేలాడుతూనే ఉంది, సిస్టర్ వెర్నెల్." ఇంకెవరో, "నేను కళ్ళు మూసుకున్నాను," అన్నారు. ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. రెండు నెలలుగా పక్కపక్కన నిలబడి పనిచేస్తూ, ఎవరి రాయి వాళ్ళు ఒక్కరే మోశారు. కెడ్రా తొడల కింద నుంచి చేతులు బయటికి తీసింది.

అడగవలసినవి ఆ రోజే రాశాం. తాడు లాగినవాళ్ళ పేరు రాయకూడదు. జబ్బు చేసినవాళ్ళ మీదికి పోలీసుల్ని పిలవకూడదు. కోలుకునేదాకా జీతంతో సెలవు, మేం నమ్మే డాక్టరు దగ్గర వైద్యం. ప్రూయిట్ ఆ కాగితం చదవకుండానే జేబులో పెట్టుకుంటాడని మాకు తెలుసు. పెట్టుకున్నాడు కూడా. అందుకే రెండో పని కూడా అనుకున్నాం. ఆ ఆలోచన ఆర్డెలియాది. "మనకు తెలిసిన విద్య ఒకటుంది కదమ్మా," అంది. "ఆత్మకు కట్టిన వలయం ఈ పిల్లకు ఎందుకు కట్టకూడదు?"

వరసగా మూడు ఆదివారాలు, ప్రార్థన అయ్యాక కింద హాల్లో నేర్పించాం. చర్చి మెట్టు ఎక్కనివాళ్ళు కూడా వచ్చారు. లూషియస్ చేతులకు మా తొడుగులు పట్టలేదు, ఒకటి చిరిగింది. "వీడికి రెండు దిండు గలీబులు తొడగండే," అని ఆడవాళ్ళు ఒకటే నవ్వు. "వీపు లోపలికిరా మొద్దూ! నువ్వు చూడాల్సింది ఆమెను కాదు, వచ్చేవాళ్ళను!" అని ఆర్డెలియా అతని నెత్తి మీద విసనకర్రతో కొట్టింది. పడిపోయే మనిషిగా ఒకసారి కెడ్రానే నిలబడింది. మధ్యలో నిలబడి చుట్టూ ఉన్న వీపుల్ని చూసి, "ఇక్కడ బాగుంది," అంది.

అక్టోబరులో ఒక గురువారం కెడ్రాకు మళ్ళీ వచ్చింది.

రోలర్లలో ఏదో పట్టేసి కీచుమంది. అంతే, కెడ్రా చెయ్యి లేచింది. ప్రూయిట్ అద్దాల గదిలో ఫోన్ అందుకోవడం నాకు కనిపించింది. తాడు నా తలమీదే ఉంది. ఈసారి ఆలోచించలేదు. లాగాను.

ఆ బెల్టు ఆగితే ఎంత నిశ్శబ్దమో మీకు చెప్పలేను. పైకప్పు మీద పిచ్చుకలు తిరుగుతున్నాయని పదకొండేళ్ళలో మొదటిసారి విన్నాను.

"వలయం!" అంది ఆర్డెలియా.

మడతల బల్లల నుంచి, మురికి గుడ్డల గది నుంచి, లారీల నుంచి వచ్చారు. నలభై మంది. మోచేతులు మెలేసుకున్నారు, వీపులు లోపలికి, మొహాలు బయటికి. తెల్ల గౌన్లు లేవు, చెమట పట్టిన చొక్కాలు. ఆర్డెలియా లోపల కూర్చుని కెడ్రా మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, అట్టపెట్టె ముక్కతో విసరడం మొదలుపెట్టింది. నేను బయటి వరసలో, తలుపుకు ఎదురుగా నిలబడ్డాను.

ప్రూయిట్ వచ్చాడు. "ఎవరు లాగింది?"

"వెర్నెల్. రాసుకో. పైన మోజెల్ పేరు కూడా రాయి, లాగనందుకు."

"ఇదేమన్నా చర్చా? పనిలోకి పదండి!"

ఒక్కరూ కదల్లేదు. ఎవరో సన్నగా పాట ఎత్తుకున్నారు, మాటలు లేవు, వట్టి రాగం. మిగతావాళ్ళు అందుకున్నారు.

ఇద్దరు పోలీసులు వచ్చారు. ఒకడు పెద్దవాడు. రెండోవాడు పాతికేళ్ళ నల్ల కుర్రాడు. ఆ కుర్రాడు వలయం చూసి ఠక్కున ఆగిపోయాడు. వాడికి అదేంటో తెలుసు. చిన్నప్పుడు ఏ బెంచీ మీదో కూర్చుని చూసే ఉంటాడు.

"అమ్మా, దయచేసి తప్పుకోండి," అన్నాడు.

లోపల నుంచి, తల తిప్పకుండానే, ఆర్డెలియా అడిగింది. "ఎవరి మనవడివిరా నువ్వు?"

వాడు నసిగాడు. "బెర్నీస్ మనవణ్ణండి."

"బెర్నీస్ పడిపోయినప్పుడు ఆమె మోకాళ్ళ మీద గుడ్డ కప్పింది నేనేరా. పోయి ఆమెకు చెప్పు, ఇక్కడ ఎవరిని ఎత్తుకుపోవడానికి వచ్చావో."

వాడు కళ్ళు దించుకున్నాడు. పెద్దవాడు మాత్రం దించలేదు. "తాడు లాగింది ఎవరు?" అన్నాడు. ప్రూయిట్ నన్ను చూపించాడు. "పని ఆపించినందుకు ఆమెను తీసుకురా," అని పెద్దవాడు కుర్రాడికి చెప్పాడు. మీలో కొంతమంది ఈ కథలో ఆ కుర్రాడు మనవైపు వచ్చేస్తాడని అనుకుంటారు. రాలేదు. జీతం తీసుకునే మనిషి. నాకు సంకెళ్ళు వేసింది వాడే. మెల్లగా వేశాడు, అంతే తేడా. "సారీ అమ్మా," అన్నాడు. "సారీ నాకెందుకురా, దాచుకో, నీకే పనికొస్తుంది," అన్నాను.

నన్ను వరసలోంచి లాగినచోట ఖాళీ వచ్చింది. ప్రూయిట్ దాంట్లోంచి వేలు చూపించాడు. "అదిగో, లోపల ఉన్నది, ఆమె!"

నేను వెనక్కి తిరిగి చూశాను. కెడ్రా లేచి నిలబడి ఉంది. మొహమంతా తడి. దుప్పటి మడిచి ఆర్డెలియా చేతికిచ్చింది. నడుచుకుంటూ వచ్చి, నేను వదిలిన ఖాళీలో నిలబడి, అటొక మోచెయ్యి ఇటొక మోచెయ్యి మెలేసింది. మొహం బయటికి.

"ఎవరు సార్ జబ్బు మనిషి?" అని లూషియస్ పోలీసుల్ని అడిగాడు. "అందరం నిలబడే ఉన్నాం. ఎవరిని తీసుకెళ్తారు?"

తలుపు దాటుతూ గడియారం చూశాను. తాడు లాగి పద్దెనిమిది నిమిషాలు. ఆ పిల్లకు కావలసింది పద్దెనిమిది నిమిషాలు. మోజెల్ శవానికి నలభై ఇచ్చారు, బతికున్న పిల్లకు పద్దెనిమిది ఇవ్వలేకపోయారు.

స్టేషన్లో గదిలో నేనొక్కదాన్నే. సిమెంటు బల్ల, మూలన ఒక బూడిదరంగు కంబళి. మధ్యాహ్నం కావస్తోంది. గెలిచినట్టు ఉంటుందనుకున్నాను, లేదు. బయట ఏదో మోటారు ఆన్ అయింది. నా ఎడమ చెయ్యి లేచింది.

నేను లేపలేదు. చూస్తూ ఉన్నాను, ఎవరి చెయ్యో అన్నట్టు. కాళ్ళు నేలకు కొట్టుకున్నాయి. మూడు నెలలు రాయిలా ఉన్నదాన్ని, నాకేం కాలేదనుకున్నదాన్ని. చుట్టూ వీపులు లేవు, విసిరేవాళ్ళు లేరు. కంబళి కొస గట్టిగా పట్టుకున్నాను. రెండో కొస నేల మీద పడి ఉంది. మోజెల్ అని పిలిచాను. నాన్నా అని కూడా పిలిచాను. పిలిచి పిలిచి గొంతు పోయింది. ఇన్నాళ్ళూ కెడ్రా ఎక్కడ నిలబడిందో ఆ చోటు నాకప్పుడు తెలిసింది. నలభై మందిని పోగుచేసినదాన్ని నేనే అయినా, ఆ గదిలో ఏ ఒక్కరూ నాకు దొరకలేదు. ఒంటరితనం అంటే ఏదో బెంగ అనుకునేదాన్ని. కాదు, అది వట్టి దెబ్బ. కొట్టినవాడు ఎక్కడో అద్దాల గదిలో కూర్చుని ఉంటాడు.

సాయంత్రం నాలుగింటికి వదిలిపెట్టారు. ఉద్యోగం పోయిన కాగితం అప్పటికే చేతికొచ్చింది. మెట్లు దిగుతుంటే ఎదురుగా వాళ్ళు. షిఫ్టు సగంలో వదిలేసి వచ్చారు. నలభై కాదు, ఇంకా ఎక్కువ. చర్చి నర్సులు తెల్ల గౌన్లు వేసుకుని వచ్చారు. కెడ్రా ముందు నిలబడి ఉంది, నెవియా ఆమె గౌను పట్టుకుని ఉంది. కెడ్రా చేతిలో ఒక పెద్ద ఆసుపత్రి దుప్పటి. దాని మీద నల్ల రంగుతో మోజెల్ పేరు, కింద మా కోరికలు. ఒక కొస ఆమె పట్టుకుంది. రెండో కొస నేల మీద పడకుండా ఆమె భుజం మీద వేసుకుంది, ఎవరికీ ఇవ్వలేదు.

"మీ చెయ్యి వణుకుతోంది మిస్ వెర్నెల్," అంది.

"నీదీ వణుకుతోంది కదే."

"తెలుసు." భుజం మీద కొస తీసి నా చేతిలో పెట్టింది. "వదలకండి."

ఒక్క విదిలింపు విదిలించాం, రోలర్ల దగ్గర చేసినట్టే. దుప్పటి తెరుచుకుంది. లూషియస్ వెనక నుంచి, "ఎటు?" అని అరిచాడు.

"లాండ్రీ గేటుకి," అంది కెడ్రా.

మర్నాడు ఆరు గంటల షిఫ్టుకు ఎర్ర తాడు ఎవరూ లాగాల్సిన పని పడలేదు. బెల్టు దగ్గర ఎవరూ లేరు. అందరం గేటు బయట ఉన్నాం, మొహాలు ఆ గేటు వైపు పెట్టి, మోచేతులు మెలేసుకుని.